రమ్ములో అనాస వాసన ఎవరిది?

మా మనవరాలు బాపట్లలో ఫుడ్ టెక్నాలజీ చదువుతోంది. సెలవులకి వచ్చిందంటే ప్రశ్నలే ప్రశ్నలు. ఈసారి కాఫీ గ్లాసు కింద పెట్టకుండానే మొదలుపెట్టింది.

“తాతయ్యా, ఇప్పుడు కొత్తగా పళ్ళ రమ్ములు వస్తున్నాయట. అనాస రమ్ము, లిచీ రమ్ము, చింతపండు రమ్ము కూడానట! వాటిలో నిజంగా పండు ఉంటుందా, లేకపోతే ఎసెన్సు చుక్కలు పోసి సీసా మీద పండు బొమ్మ అంటిస్తారా?”

“మనింట్లో ఆ మాటలెందుకే?” అంది వాళ్ళ అమ్మమ్మ వంటింట్లోంచి.

తాగమని ఎవరూ చెప్పడం లేదులే. కానీ ఒక సీసాలో అనాస వాసన వస్తే, అది ఎక్కడినుంచి వచ్చిందో తెలుసుకోవాలనుకోవడం మంచి బుద్ధి. ఆ వాసన పండుది కావచ్చు, ఫ్యాక్టరీది కావచ్చు, కంటికి కనిపించని ఓ చిన్న ప్రాణిది కూడా కావచ్చు. మూడూ జరుగుతాయి. ఒక్కొక్కటే చెబుతాను, కూర్చో.

ముందు ఓ దీవికి వెళ్దాం. హిందూ మహాసముద్రంలో మడగాస్కర్‌కి తూర్పున, మారిషస్‌కి పొరుగున రీయూనియన్ అనే దీవి ఉంది. పాత పేరు బూర్బోన్. ఎప్పటినుంచో ఫ్రెంచివాళ్ళది, ఇప్పటికీ ఫ్రాన్సులో భాగమే. అక్కడి ప్రధాన పంట చెరకు. 1820ల చివర్లోనే ఆ చెరకు తోటల్లో పనికి యానాం నుంచి మన తెలుగువాళ్ళని ఓడలెక్కించి తీసుకెళ్ళారు. యానాం అప్పుడు ఫ్రెంచివాళ్ళ చేతిలో ఉండేది కదా. 1848 డిసెంబరు 20న ఆ దీవిలో బానిసత్వం రద్దయ్యాక తమిళ, తెలుగు కూలీలు వేల సంఖ్యలో వెళ్ళారు. అందుకే ఆ దీవి రమ్ము గురించి చెప్పేటప్పుడు పరాయి ఊరి సంగతి చెబుతున్నట్టు అనిపించదు నాకు. ఆ చెరకు నరికినవాళ్ళలో గోదావరి నీళ్ళు తాగిన చేతులూ ఉన్నాయి.

ఆ దీవిలో ఇంటింటా ఒక అలవాటుంది. తెల్లటి రమ్ము గాజు జాడీలో పోసి, అందులో పళ్ళూ, ఆకులూ, వేళ్ళూ, బెరళ్ళూ వేసి నెలల తరబడి ఊరబెడతారు. దాన్ని రమ్ అరాంజే అంటారు. ఒకప్పుడు కడుపునొప్పికీ జలుబుకీ మందని దాచుకునేవాళ్ళు, ఆ తరవాత భోజనమయ్యాక చిన్న గ్లాసుతో ఇచ్చే మర్యాద అయింది. ఇప్పుడు కంపెనీలు సీసాల్లో నింపి ఐరోపా అంతా అమ్ముతున్నాయి. 1845 నుంచి ఆ దీవిలో రమ్ము కాస్తున్న ఇసోటియే కంపెనీకి ఇప్పుడు ఇదే పెద్ద వ్యాపారాల్లో ఒకటి.

ఏమేం వేస్తారనుకున్నావు? అనాస, లిచీ, మామిడి, అరటి, అల్లం, దాల్చినచెక్క, వెనిలా. ఆ దీవి పెరళ్ళలో చింత, పనస, నేరేడు, రేగు కూడా ఉన్నాయి. పారిస్ దుకాణంలో చింతపండు రమ్ము అంటే ఎక్కడో వేల మైళ్ళ అవతలి వింత. మనకేమో చారులో రోజూ పడేది. అక్కడివాళ్ళకి వింతైన దినుసు మన పోపుల పెట్టెలో ఉండటం నాకు భలే ఇష్టమైన సంగతి.

సరే, అసలు రమ్ము ఎలా పుడుతుంది? తణుకులోనో బోధన్‌లోనో చక్కెర మిల్లు దగ్గర పెరిగినవాళ్ళని అడుగు, మొలాసిస్ వాసన చెబుతారు. చెరకు రసం కాచి, పంచదార పలుకులు తీసేశాక మిగిలే నల్లటి చిక్కటి ద్రవం అది. టన్ను చెరకుకి సుమారు నలభై కిలోల దాకా వస్తుంది. పంచదారగా గడ్డకట్టని తీపి ఇంకా దాన్లో సగం దాకా ఉంటుంది. నీళ్ళు కలిపి ఈస్ట్ వేస్తే, ఆ సూక్ష్మజీవి ఒక్కో గ్లూకోజు అణువునీ రెండు ఇథైల్ ఆల్కహాల్ అణువులుగా, రెండు కార్బన్ డయాక్సైడు అణువులుగా విరగ్గొడుతుంది. అలా పులిసినదాన్ని బట్టీలో కాస్తారు. ఆల్కహాల్ 78 డిగ్రీలకే మరుగుతుంది గనక ఆవిరిలో నీటికంటే అదే ఎక్కువగా లేస్తుంది. ఆ ఆవిరి చల్లారితే రమ్ము. మార్టినీక్ దీవిలో మొలాసిస్ బదులు నేరుగా చెరకు రసాన్నే పులియబెడతారు. రీయూనియన్‌లో ఎక్కువ భాగం మొలాసిస్ రమ్మే.

ఇప్పుడు అసలు కబురు, ఆ మూడింట్లో మొదటిది, చిన్న ప్రాణి పని. పండు ముక్క ఒక్కటి కూడా తగలకుండా, ఎసెన్సు చుక్క పడకుండా, రమ్ములోంచి పండిన అనాస వాసన గుప్పుమనడం సాధ్యం. జమైకాలో 1753 నుంచి ఉన్న హాంప్డెన్ ఎస్టేట్ వాళ్ళు దీనికి పేరుపడ్డారు. రీయూనియన్‌లో సవానా వాళ్ళు కూడా ఇలాంటిది చేస్తారు, ‘గ్రాండ్ అరోమ్’ అంటారు దాన్ని. బట్టీ అడుగున మిగిలిన పుల్లటి నీళ్ళని పారబోయరు, దాచి మళ్ళీ పులియబెట్టే తొట్టిలో కలుపుతారు. జమైకాలో ఆ నీళ్ళ పేరు డండర్. అందులో బాక్టీరియా పెరిగి రకరకాల ఆమ్లాలు తయారుచేస్తుంది. వాటిలో బ్యుటిరిక్ ఆమ్లం ఒకటి. పాసిపోయిన వెన్న కంపు దానిదే. తొట్టి దగ్గర నిలబడితే ముక్కు మూసుకోవాలి.

“ఛీ! అది తాగుతారా?”

అక్కడే ఉంది విశేషం. ఆమ్లమూ ఆల్కహాలూ కలిసి, మధ్యలో ఒక నీటి అణువుని వదిలేస్తే, ఎస్టర్ అనే కొత్త అణువు పుడుతుంది. ఆ కంపుకొట్టే బ్యుటిరిక్ ఆమ్లమే ఇథైల్ ఆల్కహాల్‌తో జతకట్టి ఇథైల్ బ్యుటిరేట్ అయిందా, కంపు పోయి కమ్మటి అనాస వాసన వస్తుంది. నిజం అనాసలో ఉండేదీ ఆ అణువే. వెనిగర్‌లో ఉండే ఎసిటిక్ ఆమ్లం ఇంకో రకం ఆల్కహాల్‌తో కలిస్తే ఐసోఅమైల్ ఎసిటేట్, అంటే పండిన అరటిపండు వాసన. తేనెటీగ కుట్టినప్పుడు తోటి ఈగల్ని హెచ్చరించడానికి వదిలే వాసనలో కూడా ముఖ్యమైనది ఇదే. అందుకే తేనెపట్టుల దగ్గర అరటిపండు తినొద్దంటారు తేనెటీగలు పెంచేవాళ్ళు. ఒకే అణువు మనకి ఫలహారం, ఈగకి యుద్ధభేరి.

జమైకాలో ఈ ఎస్టర్లకి ఒక హద్దు పెట్టారు. వంద లీటర్ల శుద్ధ ఆల్కహాల్ లెక్కన 1600 గ్రాములు మించకూడదు. ఆ హద్దు దగ్గరికి చేరిన రమ్ముని నేరుగా తాగడం కష్టం. ఐరోపాలో మామూలు రమ్ముకి రుచి తేవడానికో, మిఠాయిల్లో వాసనకో కొద్దికొద్దిగా కలుపుతారు.

ఇలాంటి ఎస్టర్లని ఈస్ట్ కూడా తయారుచేస్తుంది. దానికి ఈ వాసనలు చేయాల్సిన అవసరం ఏమొచ్చింది? మనకోసమని కాదు గదా. బెల్జియంలో లువెన్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2014లో దీనిమీద ఒక చక్కటి ప్రయోగం వెలువరించారు. ఎస్టర్లు తయారుచేసే ఒక జన్యువుని తీసేసిన ఈస్ట్‌నీ, మామూలు ఈస్ట్‌నీ పక్కపక్కన పెట్టి పండు ఈగల్ని వదిలితే, అవి వాసన ఉన్న ఈస్ట్ దగ్గరికే ఎక్కువగా వెళ్ళాయి. ఈస్ట్‌కి కాళ్ళూ రెక్కలూ లేవు. ఒక పండు మీంచి ఇంకో పండు మీదకి పోవాలంటే ఈగ కాళ్ళకి అంటుకోవాలి. ఆ ఈగని పిలవడానికి వేసే కేక ఈ వాసన. ఇది చదివిన రోజు నాకు నిద్రపట్టలేదు. లోకంలో పళ్ళ వాసనంతా మన నోటికోసమే అనుకుంటాం. ఎవరెవరో ఎవరెవర్నో పిలుచుకుంటుంటే మధ్యలో మనం విన్నాం, అంతే.

ఇక రెండోది, నిజంగా పండుని ఊరబెట్టడం.

ఆవకాయ పెట్టినప్పుడు ఏం జరుగుతుందో చూశావు కదా? ఉప్పు ముక్కలోని నీటిని బయటికి లాగుతుంది, ఆ ఊటలోకి పులుపు దిగుతుంది. కారపు ఎరుపూ ఘాటూ మాత్రం ఆ ఊటలోకి దిగవు, నూనెలోకి దిగుతాయి. అందుకే మూడోనాడు పైకి తేలిన నూనె ఎర్రగా మెరుస్తుంది. నీటికి లొంగేవి కొన్ని, నూనెకి లొంగేవి కొన్ని. మనవాళ్ళు రెండూ వేశారు గనక రెండూ దిగాయి. రమ్ము ఆ రెండు పనులూ ఒక్కటే చేస్తుంది. ఇథైల్ ఆల్కహాల్ అణువుకి ఒక కొస నీటితో పొత్తు కలుపుతుంది, ఇంకో కొస నూనెలతో పొత్తు కలుపుతుంది. అనాసలోని చక్కెరలూ ఆమ్లాలూ నేరేడు రంగూ రమ్ములోని నీటి వాటాలోకి పోతాయి. నిమ్మజాతి తొక్కల్లోని లిమోనిన్ లాంటి తైలాలు, వెనిలాలోని వెనిలిన్, ఆల్కహాల్ వాటా వల్ల కరుగుతాయి.

అలా ఊరిన నిమ్మతొక్క రమ్ములో నీళ్ళు పోస్తే పాలలాగా తెల్లబడుతుంది. ఎందుకంటే ఆల్కహాల్ బలం తగ్గగానే తైలం కరిగి ఉండలేక కంటికి కనపడనంత చిన్న బొట్లుగా విడిపోతుంది. ఆ బొట్లు వెలుగుని అన్ని వైపులకీ చెదరగొడతాయి. సీసాలో ఉన్నది నిజం తైలమా, వట్టి తీపి రంగునీళ్ళా అని తెలుసుకోవడానికి ఇది ఒక చిన్న పరీక్ష.

రీయూనియన్‌లో దీనికి వాడే తెల్ల రమ్ము సాధారణంగా 49 శాతం ఆల్కహాల్‌తో ఉంటుంది. అంత గట్టిది ఎందుకు? లెక్క వెయ్యి. లీటరు రమ్ములో 490 మిల్లీలీటర్ల ఆల్కహాల్. 300 గ్రాముల అనాస ముక్కలు వేశావు. అనాసలో నూటికి 85 పాళ్ళు నీళ్ళే, అంటే ఇంకో పావులీటరు నీళ్ళు వచ్చి చేరాయి. మొత్తం కలిపితే సుమారు 39 శాతానికి దిగిపోతుంది. బలం తక్కువ రమ్ముతో మొదలుపెట్టి పళ్ళు ఎక్కువ కుక్కితే ఇంకా దిగిపోయి, పండు చెడిపోయే ప్రమాదం. ముక్క పైకి తేలి గాలి తగిలితే నల్లబడుతుంది. అందుకే జాడీ అంచుదాకా నింపుతారు, ముక్కలు మునిగి ఉండేలా చూస్తారు.

ఏ పండు ఎన్నాళ్ళు అన్నది ఆ ఇళ్ళలో పెద్దవాళ్ళకి తెలుస్తుంది. పళ్ళకి కొన్ని నెలలు, వెనిలాకీ బెరళ్ళకీ ఇంకా ఎక్కువ. నిమ్మతొక్కకి మాత్రం తక్కువ. ఎక్కువ రోజులుంచితే తొక్క కింద తెల్లటి పొరలోంచి చేదు దిగిపోతుంది. కొంబావా అని అక్కడ ఒక గరుకు తొక్క నిమ్మ ఉంది, థాయిలాండ్ వంటల్లో దాని ఆకు వేస్తారు. దాని తొక్కని జాడీలో వేసి, చేదెక్కకముందే తీసెయ్యడంలో ఉంటుంది వాళ్ళ నేర్పంతా. లిచీ మరీ సున్నితం. దాని వాసనలో సగం గులాబీదే. రోజ్ ఆక్సైడ్ అనే అణువు గులాబీలోనూ ఉంది, లిచీలోనూ ఉంది. అక్కడ డిసెంబరు మండువేసవి. క్రిస్మస్ నాటికి లిచీలు ఎర్రగా పండి వీధుల్లో గుట్టలు పోస్తారు, జాడీలూ అప్పుడే నిండుతాయి.

అనాస తొక్కకి ఇంకో తెలివైన పద్ధతి ఉంది. చార్లెస్ డికెన్స్ 1836-37లో రాసిన పిక్విక్ పేపర్స్ నవలలో స్టిగ్గిన్స్ అనే మతగురువుకి అనాస రమ్మంటే ప్రాణం. అంటే లండన్‌లో అప్పటికే అది మామూలన్నమాట. తరవాత మరుగున పడింది. ఫ్రాన్సులో మెజాన్ ఫెరాన్ సంస్థ నడిపే అలెగ్జాండర్ గాబ్రియెల్, పానీయాల చరిత్ర రాసే అమెరికన్ డేవిడ్ వాండ్రిచ్ కలిసి ఈ మధ్య దాన్ని మళ్ళీ బతికించి, స్టిగ్గిన్స్ పేరే పెట్టారు. తొక్కల్ని తెల్ల రమ్ములో ఊరబెట్టి ఆ రమ్ముని మళ్ళీ బట్టీలో కాస్తారు. వాసన ఆవిరితో వచ్చేస్తుంది, చేదు అడుగునే ఉండిపోతుంది. కండని విడిగా ముదురు రమ్ములో ఊరబెడతారు. చివర్లో రెండూ కలుపుతారు. పండులో ఏ భాగంలో ఏం దాగుందో తెలిసినవాళ్ళు చేసిన పని అది. కొత్తగా వస్తున్న పళ్ళ రమ్ముల్లో నాకు గౌరవం కలిగించేవి ఇలాంటివే.

ఇప్పుడు వెనిలా గురించి చెప్పకపోతే ఈ కబురుకి అర్థం లేదు.

వెనిలా ఒక ఆర్కిడ్ తీగ. సొంతూరు మెక్సికో. 1820 ప్రాంతంలో దాన్ని బూర్బోన్ దీవికి తెచ్చి నాటారు. తీగ బ్రహ్మాండంగా పాకింది, పూలూ పూసింది, కాయ మాత్రం కాయలేదు. ఆ పువ్వులో పుప్పొడికీ కీలాగ్రానికీ మధ్య ఒక చిన్న పొర అడ్డం ఉంటుంది. మెక్సికోలో దాన్ని దాటించే తేనెటీగలున్నాయి, ఈ దీవిలో లేవు. పైగా పువ్వు విచ్చుకునేది ఒక్క పూట. యూరప్‌లో వృక్షశాస్త్రవేత్తలు 1836లో అద్దాల గదుల్లో చేత్తో ఫలదీకరణ చేయించారు గానీ, ఆ పద్ధతి తోటల్లో వాడుకకి రాలేదు.

1841లో సెంట్ సుజాన్ అనే ఊళ్ళో ఎడ్మండ్ అనే పన్నెండేళ్ళ కుర్రాడు ఆ పని చేశాడు. బానిసగా పుట్టాడు, ఇంటిపేరు కూడా లేదు. తోట యజమాని వెంట తిరుగుతూ పూల తీరు తెలుసుకున్నవాడు. సన్నటి పుల్లతో ఆ పొరని పైకెత్తి, బొటనవేలితో పుప్పొడిని అద్ది ఒత్తాడు. అంతే. కాయ కాసింది. ఇవాళ మడగాస్కర్‌లోనైనా, మన దక్షిణాదిన వెనిలా వేసిన తోటల్లోనైనా, మెక్సికో అవతల ఎక్కడైనా వెనిలా కాయ కాసిందంటే ఆ పిల్లవాడి వేలి కదలిక వల్లే. పువ్వు పువ్వుకీ మనిషి చెయ్యి పడాల్సిందే, ఈ రోజుకీ. 1848లో విడుదలయ్యాక అతనికి అల్బియస్ అని ఇంటిపేరు పెట్టారు. ఆ తరవాత ఒక దొంగతనం నేరం మీద జైలుపాలయ్యాడు. వెనిలాకి అతను చేసిన మేలు గుర్తుచేసి శిక్ష తగ్గించారు గానీ, దీవి వెనిలాతో ధనవంతమైతే అతను మాత్రం 1880లో పేదరికంలోనే పోయాడు.

“ఇంత అన్యాయమా తాతయ్యా?” అంది పిల్ల. దాని కళ్ళు చెమర్చాయి, నేనూ కాసేపు ఆగాను.

పచ్చి వెనిలా కాయకి వాసన ఉండదు తెలుసా? వెనిలిన్ అణువు ఒక గ్లూకోజు అణువుకి కట్టేసి ఉంటుంది. కాయని సుమారు 65 డిగ్రీల వేడి నీళ్ళలో మూడు నిమిషాలు ముంచి, కంబళ్ళలో చుట్టి చెమట పట్టిస్తారు. వేడికి కాయలోపలి గోడలు పగిలి, ఎంజైము వచ్చి ఆ కట్టు తెంచుతుంది. తరవాత వారాల తరబడి ఎండలోనూ నీడలోనూ ఆరబెడితే నల్లగా, మెత్తగా, ఘుమఘుమలాడుతూ తయారవుతుంది. ఆ కాయ చీల్చి రమ్ములో వేస్తే వెనిలిన్‌తోపాటు ఇంకా కొన్ని వందల సువాసన అణువులు దిగుతాయి.

మూడోది ఫ్యాక్టరీ వాసన. వెనిలిన్‌ని 1874లోనే జర్మనీలో టీమన్, హార్మన్ అనే ఇద్దరు పైన్ చెట్టు పదార్థం నుంచి తయారుచేశారు. ఇప్పుడు ఎక్కువ భాగం పెట్రోలియం సరుకు నుంచి వస్తుంది. కాయలో ఉన్నదీ, డ్రమ్ములో వచ్చిందీ అణువుగా చూస్తే ఒకటే, విషమేమీ కాదు. మోసం ఎక్కడంటే చౌకది పోసి ఖరీదైనదని అమ్మడంలో. దాన్ని పట్టుకునే విద్య ఒకటుంది. గాలి పీల్చి పెరిగిన చెట్టులో రేడియోధార్మిక కార్బన్-14 కాస్త ఉంటుంది. కోట్ల ఏళ్ళు భూమిలో ఉన్న పెట్రోలియంలో అది పూర్తిగా క్షయమైపోయింది. అలాగే కార్బన్-13 పాలు కూడా మొక్క మొక్కకీ తేడా. చెరకు ఒక పద్ధతిలో కార్బన్ పడుతుంది, వెనిలా ఆర్కిడ్ మరో పద్ధతిలో, వరి ఇంకో పద్ధతిలో. పరీక్షశాలలో కొలిచి ఇది కాయదా, పైన్ చెట్టుదా, పెట్రోలుదా అని చెప్పేస్తారు. నువ్వు అడిగిన ప్రశ్నకి సరైన జవాబు ఆ యంత్రం దగ్గరుంది.

చట్టం కూడా కొంత చెబుతుంది. ఐరోపాలో రమ్ము అనే పేరుకి కనీసం 37.5 శాతం ఆల్కహాల్ ఉండాలి, పైవాసనలు కలపకూడదు. అందుకే కొబ్బరి వాసనతో పేరుపొందిన మాలిబు అక్కడ లిక్యూర్ అనే వేరే పేరుతో అమ్ముడవుతుంది గానీ రమ్ముగా కాదు.

రీయూనియన్ జాడీల్లో అన్నిటికంటే వింతైన దినుసు ఏదంటే నేను ఫహామ్ అంటాను. అదీ ఆర్కిడే, ఆ దీవుల కొండ అడవుల్లో చెట్లకి పట్టుకుని పెరుగుతుంది. పచ్చి ఆకు మామూలుగా ఉంటుంది, ఎండితే కోసిన గడ్డీ వెనిలా బాదమూ కలిసిన వాసన వేస్తుంది. అది కౌమరిన్ వాసన. జనం అడవంతా గాలించి కోసెయ్యడంతో ఫహామ్ అరుదైపోయింది. 2007లో రీయూనియన్‌లోని ఆ అడవుల్ని జాతీయ వనంగా చేశారు. ఇప్పుడు దాన్ని నర్సరీల్లో పెంచి అమ్మే ప్రయత్నాలు సాగుతున్నాయి. రుచి కోసం ఒక మొక్కనే లేకుండా చేసుకోవడం నాకు మనసొప్పని పని. పెంచింది కొంటే తప్పులేదు, అడవిది కోసుకొచ్చింది కొనకూడదు.

కౌమరిన్‌కి ఒక పెద్ద కథ ఉంది. 1920ల్లో అమెరికా, కెనడాలో పశువులు చిన్న గాయానికే రక్తం ఆగక చనిపోయేవి. అవి తిన్నది బూజుపట్టిన స్వీట్ క్లోవర్ గడ్డి. 1933 ఫిబ్రవరిలో విస్కాన్సిన్‌లో ఒక రైతు, చచ్చిన ఆవునీ గడ్డకట్టని రక్తం ఉన్న డబ్బానీ బండిలో వేసుకుని మంచులో ప్రయాణం చేసి కార్ల్ పాల్ లింక్ అనే రసాయన శాస్త్రవేత్త ప్రయోగశాలకి వచ్చాడు. బూజు ఆ గడ్డిలోని కౌమరిన్‌ని డైకౌమరాల్‌గా మార్చిందని ఆయన బృందం ఏళ్ళు కష్టపడి తేల్చింది. దాని వరసలోనే వార్ఫరిన్ వచ్చింది. 1948లో ఎలకల మందుగా అమ్మారు, 1950ల్లో మనుషులకి రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందైంది. 1955లో గుండెపోటు వచ్చిన అమెరికా అధ్యక్షుడు ఐజన్‌హోవర్‌కి ఇచ్చారు. మనూళ్ళలో గుండె కవాటం మార్పించుకున్నవాళ్ళు ఇవాళ వేసుకునే మాత్రలు ఆ వంశానివే.

కౌమరిన్ తనంతట తాను రక్తాన్ని పలచన చెయ్యదు. కానీ ఎక్కువైతే కొందరికి కాలేయాన్ని దెబ్బతీస్తుంది. 1954లో అమెరికా దాన్ని ఆహారంలో కలపడం నిషేధించింది. ఐరోపా వాళ్ళు శరీర బరువులో కిలోకి రోజుకి 0.1 మిల్లీగ్రాము దాటొద్దన్నారు. ఇది మనకీ పనికొచ్చే సంగతే. బజార్లో దాల్చినచెక్క పేరుతో దొరికే దళసరి గట్టి బెరడు చాలామటుకు కేసియా, దాన్లో కౌమరిన్ బాగా ఉంటుంది. సిలోన్ దాల్చినచెక్క సిగరెట్టు కాగితంలా పొరలు పొరలుగా చుట్టుకుని ఉంటుంది, దాన్లో చాలా తక్కువ. పలావులో ముక్క వేస్తే భయంలేదు. షుగరుకి మంచిదని రోజూ చెంచా పొడి మింగేవాళ్ళు మాత్రం ఆలోచించుకోవాలి.

“పళ్ళు ఊరబెడితే విషం పుడుతుందంటారు, నిజమా?”

పళ్ళలో పెక్టిన్ ఉంటుంది. పండు గుజ్జుని పులియబెట్టినప్పుడు అది విడిపోయి కొద్దిగా మిథైల్ ఆల్కహాల్, అంటే మిథనాల్, వస్తుంది. కాచి పూర్తయిన గట్టి రమ్ములో పండు వేస్తే ఆ ఎంజైములు దాదాపు పనిచెయ్యవు. మనుషుల్ని చంపేది జాడీలోని పండు కాదు, ఫ్యాక్టరీల మిథనాల్ కలిపిన కల్తీ సారా. శరీరంలో ఆ మిథనాల్ ఫార్మాల్డిహైడ్‌గా, ఆపైన ఫార్మిక్ ఆమ్లంగా మారుతుంది, కంటి నరాన్ని కాల్చేస్తుంది. పది మిల్లీలీటర్లకే చూపు పోవచ్చు. కల్తీ మందు తాగినవాళ్ళకి చూపు మసకబారిందంటే నిద్రపుచ్చి ఊరుకోకూడదు, క్షణం ఆలస్యం లేకుండా ఆస్పత్రికి చేర్చాలి. విరుగుడు ఉంది, వేళకి అందాలి.

మంచి రమ్మైనా హాని చెయ్యకుండా ఊరుకోదు. కాలేయం ఇథైల్ ఆల్కహాల్‌ని ముందు ఎసిటాల్డిహైడ్‌గా మారుస్తుంది. అది డీఎన్ఏని గాయపరుస్తుంది. ఆల్కహాల్ పానీయాల్ని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో 1988లోనే చేర్చారు. ఆరోగ్యానికి హాని లేని మోతాదంటూ ఏదీ లేదని 2023 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. పళ్ళ రమ్ముల మీద నాకున్న దిగులు ఒక్కటే. తీపీ పండు వాసనా ఆల్కహాల్ మంటని కప్పేస్తాయి. నాలుక హెచ్చరించదు. చిన్నవాళ్ళకి మొదటి గ్లాసుగా ఇవే చేరుతున్నాయి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా మీద తిరగబడ్డ ఆడవాళ్ళు మన ఊళ్ళవాళ్ళు. ఇళ్ళలో ఏం కూలిపోతుందో చూసి లేచారు వాళ్ళు. సీసా మీద అనాస బొమ్మ ఉన్నంత మాత్రాన లోపలున్నది మారదు.

“అయితే ఆ వాసనలు ఆల్కహాల్ లేకుండా పట్టలేమా తాతయ్యా?”

ఎందుకు పట్టలేం? పంచదార చాలు. మంచి నిమ్మకాయలు నాలుగు కడిగి తుడుచుకో. పసుపు తొక్కని పలచగా తియ్యి, కింద తెల్ల పొర రాకూడదు. గాజు సీసాలో ఆ తొక్కలు వేసి, గుప్పెడు పంచదార పోసి, చెంచా వెనకతో బాగా నలిపి మూతపెట్టు. పలుకుల రాపిడికి తొక్కలోని తైలపు గదులు చితుకుతాయి, పంచదార తడిని లాగుతుంది. రేపు పొద్దుటికి సీసా అడుగున చిక్కటి తైలపు పాకం ఉంటుంది. దాన్ని చల్లటి నీళ్ళలో కలిపి మీ అమ్మమ్మకి ఇవ్వు. వెనిలా కాయ దొరికితే చీల్చి పంచదార డబ్బాలో పాతిపెట్టు. రెండు వారాలకి డబ్బా మూత తీసి చూడు. సాయంత్రం బజారుకి వెళ్తున్నావు కదా, నిమ్మకాయలు పలచటి తొక్కవి కాకుండా కాస్త దళసరి తొక్కవి చూసి తీసుకురా, తైలం వాటిలోనే ఎక్కువ.